ప్రోగ్రామింగు భాష డిఫాల్టు వెర్షను మార్పు

ఒకే ప్రోగ్రామింగు భాషకు చెందిన రెండు లేదా అంతకంటె ఎక్కువ వెర్షనులు ఒక కంప్యూటరులో ఉన్నప్పుడు, సంఖ్య చెప్పకుండా భాష పేరు మాత్రమే టైపు చేస్తే పలికే వెర్షనును ఆ భాష డిఫాల్టు వెర్షను అంటారు. తెలుగు స్థానికీకరణలో డిఫాల్టు అనే మాటకు అప్రమేయం అనే పదం కూడా వాడుకలో ఉన్నది. ఆ పేరును ఒక వెర్షను నుండి మరొక వెర్షనుకు మళ్ళించడమే డిఫాల్టు వెర్షను మార్పు.

ఇది ఒకటి రెండు ఆదేశాలతో ముగిసే పని. అయితే ఆ పేరును నమ్ముకొని ఉన్న ప్రోగ్రాములన్నీ ఈ మార్పుకు లోనవుతాయి. వాటిలో ఆపరేటింగు సిస్టముకు చెందిన సొంత పనిముట్లు కూడా ఉండవచ్చును. అందువలన ఎలా మార్చాలి అనే ప్రశ్న కంటె, ఎవరి కొరకు, ఎంత మేరకు మార్చాలి అనే ప్రశ్న ముఖ్యమైనది. ఈ వ్యాసంలో పైథాన్ భాషను ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ విషయం వివరించబడినది. ఆదేశాలు ఇక్కడ తెలుగు ఉచ్చారణలో ఇవ్వబడినవి. కంప్యూటరులో వాటిని రోమను అక్షరాలలో టైపు చేయవలెను.

ఒకటి కంటె ఎక్కువ వెర్షనులు ఎందుకు ఉంటాయి

మానవ భాషల వలెనే ప్రోగ్రామింగు భాషలు కూడా కాలక్రమంలో మారుతుంటాయి. కొత్త సౌకర్యాలు చేరతాయి, పాతవి కొన్ని తొలగిపోతాయి. కాని పాత వెర్షనులో వ్రాసిన ప్రోగ్రాములు ఒక్కసారిగా మాయం కావు. పాత ప్రోగ్రాము కొరకు పాత వెర్షను, కొత్త పాఠ్యాంశం కొరకు కొత్త వెర్షను ఒకే కంప్యూటరులో ఉంచుకోవలసి వస్తుంది.

ఆపరేటింగు సిస్టముతో పాటు వచ్చే వెర్షను కూడా ఒక్కటిగా ఉండదు. ఉబుంటు 20.04తో పైథాన్ 3.8, ఉబుంటు 22.04తో 3.10, ఉబుంటు 24.04తో 3.12 వెర్షనులు వచ్చాయి. 2023లో విడుదలైన డెబియన్ 12లో 3.11, 2025లో విడుదలైన డెబియన్ 13లో 3.13 ఉన్నాయి. పాఠ్యపుస్తకంలోని ఉదాహరణకు వీటిలో లేని వెర్షను అవసరమైనప్పుడు, అదనపు వెర్షనును స్థాపించుకోవడం, దానిని డిఫాల్టుగా చేసుకోవాలనే ఆలోచన రావడం సహజం.

పైథాన్ 2, పైథాన్ 3

పైథాన్ భాష రూపకల్పనను గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో నెదర్లాండ్సులో ప్రారంభించాడు. తొలి విడుదల 1991 ఫిబ్రవరిలో జరిగినది. 2000లో పైథాన్ 2.0, 2008 డిసెంబరు 3న పైథాన్ 3.0 వెలువడ్డాయి. మూడవ తరాన్ని రెండవ తరంతో పొసగని విధంగా తెలిసే రూపొందించారు. పాత లోపాలను సరిదిద్దాలంటే అంతకు మించిన మార్గం లేదని రూపకర్తలు భావించారు.

రెండు తరాలూ పుష్కర కాలం పాటు పక్కపక్కనే నడిచాయి. 2010 జూలైలో వచ్చిన పైథాన్ 2.7 రెండవ తరంలో చివరిది. దానికి మద్దతు 2015లో ముగియవలసి ఉండగా, 2014లో ఆ గడువును 2020 వరకు పొడిగించారు. 2020 జనవరి 1తో అధికారిక మద్దతు ముగిసినది. చివరి సవరణ అయిన 2.7.18 అదే సంవత్సరం ఏప్రిల్‌లో విడుదలైనది.

ఈ కాలంలో పైథాన్ అనే ఒట్టి పేరు దేనికి చెందాలి అనే విషయంలో లినక్సు పంపిణీల మధ్య ఏకాభిప్రాయం లేకపోయినది. ఆర్చ్ లినక్సు 2010 అక్టోబరులోనే ఆ పేరును పైథాన్ 3కు ఇచ్చినది. ఫెడోరా 2019 అక్టోబరులో వచ్చిన 31వ విడుదలలో ఈ మార్పు చేసినది. ఉబుంటు 20.04లో ఒట్టి పేరు ఏ వెర్షనుకూ చెందకుండా వదిలివేసి, కావలసినవారు స్థాపించుకొనుటకు పైథాన్-ఈజ్-పైథాన్3 అనే చిన్న ప్యాకేజీని అందించారు.

రెండు తరాల మధ్య భేదాలలో కొన్ని వెంటనే బయటపడతాయి. ఉదాహరణకు ప్రింట్ అనేది పైథాన్ 2లో వాక్యం, పైథాన్ 3లో ఫంక్షను. కాబట్టి బ్రాకెట్లు లేని ప్రింట్ వాక్యం పైథాన్ 3లో దోషంగా చూపబడుతుంది. మరికొన్ని భేదాలు ఎటువంటి హెచ్చరిక లేకుండా ఫలితాన్నే మార్చివేస్తాయి. ఒక విద్యార్థికి ఆరు పాఠ్యాంశాలలో కలిపి 455 మార్కులు వచ్చాయనుకొందాము. 455ను 6తో భాగించమంటే పైథాన్ 3 దాదాపు 75.83 అని చెబుతుంది. పూర్ణాంకాల భాగహారంలో భిన్న భాగాన్ని వదిలివేసే పైథాన్ 2 మాత్రం 75 అని చెప్పి ఊరుకుంటుంది. దోషం చూపి ఆగిపోయే ప్రోగ్రాము కంటె తప్పు జవాబుతో సాఫీగా నడిచే ప్రోగ్రాము ఎక్కువ ప్రమాదకరం.

తెలుగు పాఠ్యంపై ప్రభావం

తెలుగు వాడుకరులకు ఈ మార్పు అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది అక్షరాల విషయంలో. 1991లో వెలువడిన యూనికోడు మొదటి వెర్షను నుండి తెలుగు లిపికి 128 స్థానాల విభాగం కేటాయించబడి ఉన్నది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతం 3 బైట్లను ఆక్రమిస్తుంది.

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మండల కేంద్రమైన రేగొండ పేరునే ఉదాహరణగా తీసుకోవచ్చును. కంటికి ఇందులో రే, గొం, డ అనే మూడు అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడు లెక్కలో ఇవి ర, ఏత్వం, గ, ఒత్వం, సున్న, డ అనే 6 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఇవి 18 బైట్లు. ఈ పదం పొడవు ఎంత అని అడిగితే, పైథాన్ 2లోని సాధారణ స్ట్రింగు 18 అంటుంది, పైథాన్ 3 స్ట్రింగు 6 అంటుంది. మొదటి నాలుగు భాగాలు కత్తిరించమంటే పైథాన్ 3లో రేగొ అని వస్తుంది. పైథాన్ 2లో ర సంకేతానికి చెందిన మూడు బైట్లు, ఏత్వంలో మూడవ వంతు మాత్రమే వచ్చి, తెర మీద అర్థం కాని గుర్తు మిగులుతుంది.

పైథాన్ 2లో యూనికోడు స్ట్రింగులు వేరుగా ఉండేవి. వాటిని ప్రత్యేకంగా సూచించవలసి వచ్చేది. పైథాన్ 3లో స్ట్రింగులన్నీ యూనికోడు స్ట్రింగులే. అంతేకాక పైథాన్ 2 ప్రోగ్రాము ఫైలులో, ఎన్‌కోడింగు ఏమిటో పైన ప్రకటించకపోతే, తెలుగులో వ్యాఖ్య వ్రాసినా దోషం వచ్చేది. పైథాన్ 3 తన ప్రోగ్రాము ఫైళ్ళను యూటీఎఫ్-8గానే భావిస్తుంది. చరరాశులకు మార్కులు, మొత్తం వంటి తెలుగు పేర్లు పెట్టుకొనుటకు కూడా అనుమతిస్తుంది. అయితే పదం మధ్యలో పొల్లును విడదీయుటకు వాడే కనిపించని గుర్తు, అనగా జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆ పేర్లలో ఉండరాదు.

పైథాన్ 3లోనైనా పొడవు లెక్క తెలుగువారు ఎరిగిన అక్షరాల లెక్క కాదని గమనించవలెను. రేగొండ మూడక్షరాల పేరే అయినా జవాబు 6 అనే వస్తుంది. గుణింతపు గుర్తులను హల్లుతో కలిపి లెక్కించుటకు వేరుగా ప్రోగ్రాము వ్రాసుకోవాలి.

తెలుగు వికీపీడియాతో సహా అనేక భాషల వికీపీడియాలలో యాంత్రికంగా దిద్దుబాట్లు చేసే బాట్లకు ఆధారమైన పైవికీబాట్ కూడా పైథాన్‌లో వ్రాయబడినదే. 2020లో వచ్చిన దాని 4.0 వెర్షనుతో పైథాన్ 2కు మద్దతు తొలగించబడినది. కొత్త పైవికీబాట్ కావాలంటే బాటు నడిపేవారు పైథాన్ 3కు మారక తప్పలేదు.

పేరు నుండి ప్రోగ్రాము వరకు

టెర్మినలులో పైథాన్ అని టైపు చేసినప్పుడు కంప్యూటరు ఆ పేరు గల ఫైలును కొన్ని ఫోల్డర్లలో వరుసగా వెదకుతుంది. ఈ ఫోల్డర్ల జాబితాను పాత్ అంటారు. జాబితాలో మొదట ఎక్కడ దొరికితే అక్కడితో వెదకులాట ఆగిపోతుంది. లినక్సు పంపిణీలలో సాధారణంగా యూఎస్ఆర్ ఫోల్డరులోని లోకల్ విభాగం, నేరుగా యూఎస్ఆర్ కింద ఉండే బిన్ విభాగం కంటె ముందు వస్తుంది. అందువలన వాడుకరి స్వయంగా లోకల్ విభాగంలో స్థాపించుకున్న వెర్షను, సిస్టముతో వచ్చిన వెర్షనును కప్పివేస్తుంది.

దొరికిన ఫైలు చాలాసార్లు అసలు ప్రోగ్రాము కాదు. అసలు చోటును చూపే లంకె మాత్రమే. దీనిని సింబాలిక్ లింకు అంటారు. పైథాన్3 అనే పేరు పైథాన్3.12 అనే ఫైలును చూపడం ఇటువంటిదే. డిఫాల్టు మార్పు అంటే సాధారణంగా పాత్‌లోని వరుసను గాని, ఈ లంకెను గాని మార్చడమే.

ప్రోగ్రాము ఫైళ్ళలో మొదటి పంక్తి కూడా ముఖ్యమైనది. హాష్ గుర్తు, ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే ఈ పంక్తిని షీబాంగ్ అంటారు. ఇందులో పూర్తి చిరునామా వ్రాసి ఉంటే పాత్ జాబితాతో పని లేకుండా నేరుగా ఆ చోటికే పోతుంది. ఎన్వ్ అనే ఆదేశం ద్వారా పిలిచి ఉంటే పాత్ జాబితాను అనుసరిస్తుంది. ఒకే కంప్యూటరులో రెండు ప్రోగ్రాములు రెండు వేర్వేరు వెర్షనులతో నడవడానికి ఇది ఒక కారణం.

ప్రస్తుతం ఏ వెర్షను పలుకుతున్నదో పైథాన్ పేరు పక్కన రెండు అడ్డగీతలతో వెర్షన్ అని చేర్చి తెలుసుకోవచ్చును. విచ్ అనే ఆదేశం ఆ ఫైలు ఏ ఫోల్డరులో ఉన్నదో చూపుతుంది. బాష్ షెల్లు ఒకసారి కనుగొన్న చోటును గుర్తుంచుకుంటుంది కాబట్టి, మార్పు తరువాత కూడా పాత వెర్షనే పలికితే టెర్మినలును మూసి తెరవవలెను.

లినక్సులో మార్చు విధానం

డెబియన్, దానిపై ఆధారపడిన ఉబుంటు వంటి పంపిణీలలో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ అనే పనిముట్టు ఉన్నది. భారతదేశంలో సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్సు కూడా డెబియన్ వంశానికి చెందినదే. ఈ పద్ధతిలో లంకె రెండు మెట్లుగా ఉంటుంది. జావా అనే పేరు మొదట ఈటీసీ ఫోల్డరులోని ఆల్టర్నేటివ్స్ విభాగాన్ని, అక్కడి లంకె అసలు ప్రోగ్రామును చూపుతాయి. మార్పు చేసినప్పుడు మధ్య మెట్టు మాత్రమే మారుతుంది.

ఇందులో ముఖ్యమైన పనులు ఇవి:

* ఇన్‌స్టాల్: ఒక కొత్త వెర్షనును జాబితాలో చేర్చుట. ఇందుకు లంకె చోటు, పేరు, అసలు ఫైలు చోటు, ప్రాధాన్య సంఖ్య ఇవ్వవలెను.
* కాన్ఫిగ్: జాబితాలోని వెర్షనులను సంఖ్యలతో చూపి, ఒకదానిని ఎంచుకోమనుట.
* డిస్‌ప్లే: ప్రస్తుత స్థితిని చూపుట.
* ఆటో: వాడుకరి ఎంపికను తొలగించి, ఎక్కువ ప్రాధాన్య సంఖ్య గల వెర్షనుకు తిరిగి మళ్ళించుట.

ఈ పనులలో డిస్‌ప్లే తప్ప మిగిలిన వాటికి నిర్వాహక హక్కులు అవసరం. రెడ్ హ్యాట్ వంశపు పంపిణీలలో ఇదే పనిని ఆల్టర్నేటివ్స్ అనే ఆదేశం చేస్తుంది.

డెబియన్, ఉబుంటులు జావాను ఈ పద్ధతిలో నడుపుతాయి గాని పైథాన్‌ను నడపవు. వాడుకరి స్వయంగా పైథాన్3 పేరును ఈ జాబితాలో చేర్చితే, పంపిణీ నిర్మాతలు ఊహించని స్థితి ఏర్పడుతుంది.

సిస్టము పనిముట్లకు కలిగే ఇబ్బంది

లినక్సు పంపిణీలలో అనేక పనిముట్లు పైథాన్‌లోనే వ్రాయబడి ఉంటాయి. సెంట్ఓఎస్ 7లో సాఫ్టువేరును స్థాపించుటకు వాడే యమ్ పైథాన్ 2లో వ్రాయబడినది. పైథాన్ అనే లంకెను పైథాన్ 3కు మళ్ళించిన వెంటనే యమ్ వాక్యనిర్మాణ దోషం చూపి ఆగిపోయేది. దానితో కొత్త సాఫ్టువేరును స్థాపించుటకు గాని, భద్రతా సవరణలు పొందుటకు గాని వీలు ఉండేది కాదు. అంటే చెడినదానిని బాగుచేసే పనిముట్టే చెడిపోయేది. సెంట్ఓఎస్ 7కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసినది.

ఉబుంటులో పైథాన్ 3లోని ఒక ఉపవెర్షను నుండి మరొకదానికి మార్చినా ఇటువంటి చిక్కులు వస్తాయి. గ్నోమ్ టెర్మినలు తెరుచుకోకపోవడం, ఆప్ట్‌కు చెందిన పైథాన్ మాడ్యూలు దొరకడం లేదని సందేశం రావడం తరచుగా కనిపించేవి. ఆ మాడ్యూలు సిస్టముతో వచ్చిన ఉపవెర్షను కొరకే కూర్చబడి ఉండటం దీనికి కారణం. టెర్మినలు తెరుచుకోనప్పుడు కంట్రోల్, ఆల్ట్ మీటలతో పాటు ఎఫ్3 నొక్కి అక్షర తెరలోకి పోయి, లంకెను పాత వెర్షనుకు తిరిగి మళ్ళించవచ్చును.

ఈ సమస్యకు రెడ్ హ్యాట్ సంస్థ 2019 మే నెలలో వచ్చిన తన 8వ విడుదలలో ఒక పరిష్కారం చూపినది. సిస్టము పనిముట్ల కొరకు ప్లాట్‌ఫామ్-పైథాన్ అనే వేరు ప్రతిని వేరు ఫోల్డరులో ఉంచి, పైథాన్ అనే ఒట్టి పేరును వాడుకరి ఇష్టానికి వదిలివేసినది.

విండోసు, మాక్ కంప్యూటర్లు

విండోసు తన సొంత పనులకు పైథాన్‌పై ఆధారపడదు. కాబట్టి అక్కడ ప్రమాదం తక్కువ, తికమక ఎక్కువ. పాత్ జాబితాలో మొదట సిస్టము భాగం, తరువాత వాడుకరి భాగం చూడబడతాయి. ఏ వెర్షను ఫోల్డరు ముందు ఉంటే అదే పలుకుతుంది. 2019 నుండి విండోసు 10లో పైథాన్ అని టైపు చేస్తే మైక్రోసాఫ్ట్ స్టోరు తెరుచుకొనే ఏర్పాటు కూడా ఉన్నది. దీనిని అమరికలలో ఆపివేయవచ్చును. 2012లో పైథాన్ 3.3తో పై అనే చిన్న ఆదేశం వచ్చినది. దాని పక్కన అడ్డగీత, వెర్షను సంఖ్య చేర్చి కావలసిన వెర్షనును పిలవవచ్చును. దీని డిఫాల్టును పై_పైథాన్ అనే పర్యావరణ చరరాశి ద్వారా నిర్ణయించవచ్చును.

మాక్ కంప్యూటర్లలో సిస్టముతో పాటు వచ్చే పైథాన్ 2.7ను ఆపిల్ సంస్థ 2022లో విడుదలైన మాక్ ఓఎస్ 12.3లో తొలగించినది. పైథాన్ అనే ఒట్టి పేరును నమ్ముకున్న పాత స్క్రిప్టులు అప్పటి నుండి ఆగిపోయాయి.

జావా, ఇతర భాషలు

జావాలో వ్రాసిన ప్రోగ్రామును ముందు జావాసీ అనే కంపైలరు బైట్‌కోడుగా మారుస్తుంది, తరువాత జావా అనే ప్రోగ్రాము దానిని నడుపుతుంది. ఈ రెండు పేర్లకు వేర్వేరు లంకెలు ఉంటాయి. జావాసీ 17వ వెర్షనుకు, జావా 8వ వెర్షనుకు చెంది ఉంటే ప్రోగ్రాము కంపైలు అవుతుంది గాని నడవదు. క్లాసు ఫైలుపై 61 అనే సంఖ్య ఉండగా, జావా 8 గుర్తించగల గరిష్ఠ సంఖ్య 52 కావడమే ఇందుకు కారణం. కాబట్టి రెండింటినీ కలిపి మార్చవలెను. అనేక సాఫ్టువేర్లు జావా_హోమ్ అనే పర్యావరణ చరరాశిని చూస్తాయి కాబట్టి దానిని కూడా సరిచూడవలెను.

సీ, సీ++ భాషలలో ఒకే కంపైలరు భాష యొక్క పలు ప్రమాణాలను ఎరిగి ఉంటుంది. జీసీసీ కంపైలరు 2015లో వచ్చిన 5వ వెర్షనులో సీ11ను, 2025లో వచ్చిన 15వ వెర్షనులో సీ23ను డిఫాల్టుగా తీసుకున్నది. పాత ప్రమాణం కావలసినప్పుడు ఎస్‌టీడీ అనే ఐచ్ఛికంతో ఆ ప్రోగ్రాము వరకు మాత్రమే చెప్పవచ్చును.

సిస్టమును మార్చకుండా వెర్షను ఎంచుకొను పద్ధతులు

వాడుకరికి కావలసినది చాలాసార్లు తన ప్రోగ్రాము వరకు ఒక వెర్షను నడవడమే. అందుకు సిస్టము మొత్తాన్ని మార్చనవసరం లేదు. పరిధిని బట్టి ఈ పద్ధతులను ఇలా చెప్పుకోవచ్చును:

* పూర్తి పేరుతో పిలుచుట: పైథాన్3.12 అని సంఖ్యతో సహా టైపు చేయుట. దీనివలన ఏదీ మారదు.
* ఏలియాస్: వాడుకరి షెల్లు అమరికల ఫైలులో ఒక మారుపేరు వ్రాసుకొనుట. ఇది ఆ వాడుకరి టైపు చేసే ఆదేశాలకే వర్తిస్తుంది, స్క్రిప్టులకు వర్తించదు.
* వర్చువల్ ఎన్విరాన్‌మెంటు: 2012లో పైథాన్ 3.3తో వచ్చిన వెన్వ్ ద్వారా ఒక్కొక్క ప్రాజెక్టుకు వేరు ఫోల్డరు ఏర్పరచుట. దీనిని క్రియాశీలం చేసినంత సేపు పైథాన్ అనే పేరు ఆ ఫోల్డరులోని వెర్షనుకే చెందుతుంది.
* పైఎన్వ్: పలు వెర్షనులను వాడుకరి సొంత ఫోల్డరులో ఉంచి, ప్రాజెక్టు ఫోల్డరులోని చిన్న ఫైలును బట్టి వెర్షనును ఎంచే పనిముట్టు. రూబీకి ఆర్‌బీఎన్వ్, నోడ్‌కు ఎన్వీఎమ్ ఇటువంటివే.

మూల ప్రతి నుండి పైథాన్‌ను కంపైలు చేసుకొనేవారు మేక్ ఇన్‌స్టాల్‌కు బదులు మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్ వాడితే, పైథాన్3 అనే పేరు జోలికి పోకుండా సంఖ్యతో కూడిన పేరు మాత్రమే ఏర్పడుతుంది.

అదనపు మాడ్యూళ్ళను తెచ్చే పిప్ ఆదేశం కూడా ఏదో ఒక వెర్షనుకు చెంది ఉంటుంది. ఒక వెర్షనుకు మాడ్యూలును స్థాపించి మరొక వెర్షనులో వెదకడం విద్యార్థులు తరచుగా ఎదుర్కొనే సమస్య. కావలసిన వెర్షను పూర్తి పేరు పక్కన అడ్డగీత ఎమ్, పిప్ అని చేర్చి పిలిస్తే ఈ సమస్య రాదు. డెబియన్ 12 నుండి సిస్టము పైథాన్‌లో పిప్ ద్వారా నేరుగా స్థాపించడం కూడా అడ్డగించబడి, వర్చువల్ ఎన్విరాన్‌మెంటు వాడవలసినదిగా సందేశం వస్తుంది.

పంచుకునే కంప్యూటర్లలో జాగ్రత్తలు

ఎన్‌సీఈఆర్‌టీ 2019లో వెలువరించిన 11వ తరగతి కంప్యూటరు సైన్సు పాఠ్యపుస్తకం పైథాన్ 3 ఆధారంగా వ్రాయబడినది. పాఠశాల ప్రయోగశాలలో ఒకే కంప్యూటరును పలు తరగతుల వారు వాడుకుంటారు. ఒకరు తమ పాఠం కొరకు సిస్టము డిఫాల్టును మారిస్తే, తరువాతి గంటలో వచ్చినవారి ప్రోగ్రాములు కారణం తెలియకుండా ఆగిపోతాయి. రేగొండ వంటి మండల కేంద్రంలో కంప్యూటరు చెడితే సరిచేయగలవారు వెంటనే దొరకకపోవచ్చును. అందువలన ఇటువంటి చోట్ల ఈ జాగ్రత్తలు ముఖ్యం:

* మార్చక ముందే ప్రస్తుత వెర్షను సంఖ్యను, లంకె చూపే చోటును కాగితంపై వ్రాసి ఉంచుకొనుట.
* సిస్టముతో వచ్చిన వెర్షనును ఎట్టి పరిస్థితిలోను తొలగించకుండుట. డెబియన్ వంశపు పంపిణీలలో పైథాన్3 ప్యాకేజీని తొలగిస్తే దానిపై ఆధారపడిన డెస్క్‌టాపు భాగాలు కూడా తొలగిపోతాయి.
* మార్పు తరువాత టెర్మినలును మూయక ముందే, సాఫ్టువేరు స్థాపన పనిముట్టు, మరొక కొత్త టెర్మినలు సరిగా తెరుచుకుంటున్నాయో లేదో చూచుట.
* వీలైనంత వరకు ప్రతి ప్రాజెక్టుకు వర్చువల్ ఎన్విరాన్‌మెంటు ఏర్పరచి, అవసరమైన వెర్షను సంఖ్యను ప్రాజెక్టులోనే వ్రాసి ఉంచుట.

పైథాన్ 3.9 నుండి ప్రతి సంవత్సరం ఒక కొత్త ఉపవెర్షను వెలువడుతున్నది. ఒక్కొక్కదానికి దాదాపు ఐదేళ్ళ పాటు మద్దతు ఉంటుంది. 2023లో వచ్చిన 3.12లో డిస్ట్‌యుటిల్స్ అనే పాత భాగం తొలగించబడి, దానిపై ఆధారపడిన అనేక పాత ప్యాకేజీల స్థాపన నిలిచిపోయినది. కాబట్టి రెండవ తరం నుండి మూడవ తరానికి మారడంతో ఈ సమస్య ముగిసిపోలేదు. ఏ వెర్షనుతో వ్రాశారో ప్రోగ్రాములోనే నమోదు చేసి ఉంటే, సిస్టము డిఫాల్టు ఎన్నిసార్లు మారినా ఆ ప్రోగ్రామును తిరిగి నడుపుకోవడం సులభమవుతుంది.